గోడకవతలి సవతి

మా ఆయనకి నేనంటే ఇష్టమే. కాకపోతే ఆ గోదాం తర్వాత.

ఆయన పాత కట్టడాల ఆఫీసులో సర్వేయరు. రైలు పట్టాల పక్కన, మార్కెట్ వెనక సందులో ఒక పాత ఇటుకల గోదాం ఉంది. ఒకప్పుడు ఊళ్లోకి వచ్చే ధాన్యం బస్తాలన్నీ అందులోనే దింపేవారట. దాన్ని పడగొట్టి షాపులు కట్టాలని సొంతదారు తొందర. వారసత్వ కట్టడంగా గుర్తింపు తెప్పించి నిలబెట్టాలని మా ఆయన తాపత్రయం. కొన్ని నెలలుగా ఇంట్లో ఇదే గోల. భోజనం దగ్గర కూర్చుంటే కమానుల కబుర్లే. "ఒక్కో ఇటుకా చేత్తో పోసింది. వేళ్ళ అచ్చులు ఇంకా ఉన్నాయి తెలుసా!" అని మురిసిపోతారు. నేను సగం జుట్టు కత్తిరించుకుని ఎదురుగా నిలబడితే మాత్రం కనిపించలేదు.

"దాన్నే కట్టుకోకపోయారా?" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"అది ముందు కనబడి ఉంటే ఆలోచించేవాణ్ణే" అన్నారు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ రోజే దానికి సవతి అని పేరు పెట్టేశాను.

గుర్తింపు ఇచ్చే కమిటీ మర్నాడు వస్తుందనగా, రోజూ తోడు వెళ్ళే మేస్త్రీకి జ్వరం వచ్చింది. పడమటి గోడ పరీక్ష మిగిలిపోయింది. "నువ్వు వస్తావా?" అని మా ఆయన నన్నడిగారు. సవతి ఇంటికి తోడు వెళ్ళడానికి నేనే దొరికాను! అయినా వెళ్ళాను. దాని మొహం ఏపాటిదో చూడాలనిపించింది.

మేం చేరేసరికి ఎండ తగ్గింది. లోపల చల్లగా ఉంది. తడి సున్నం వాసన, దాని అడుగున ఎప్పటివో గోనెసంచుల వాసన. కప్పు కింద పావురాలు ఒకసారి కదిలి ఊరుకున్నాయి. ఇంట్లో చెప్పులతో తిరిగే మనిషి, అక్కడ గడప బయటే విడిచారు. లోపలికి వెళ్తూ అరచేత్తో గోడని ఒకసారి నిమిరారు. 

పని సులువే. గోడ మూడడుగుల మందం. మధ్యలో పోసిన సున్నం, రాళ్ళు జారిపోయి ఎక్కడైనా బోలుగా ఉందేమో తెలియాలి. ఆయన లోపలి నుంచి కొయ్య సుత్తితో తడతారు. నేను బయట అదే చోట చెవి ఆనించాలి. చప్పుడు గట్టిగా వినిపిస్తే తిరిగి తట్టాలి. లేకపోతే ఊరుకోవాలి. అప్పుడాయన అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకుంటారు.

"ఇంకోటి. పని అయ్యేదాకా మాట్లాడకూడదు" అన్నారు.

"ఎందుకట?"

"గోడతో మాట కలపకూడదంటాడు మా మేస్త్రీ. వాళ్ళ పిచ్చి వాళ్ళది."

కదలబోతూ ఆగాను. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న మాట బయటికి వచ్చేసింది. "ఒక్కటి చెప్పండి. నేనా, ఇదా?"

"చిన్నపిల్లలా ఏంటిది? వెళ్ళు, వెలుతురు పోతోంది."

అంతే. రెండో సుత్తి తీసుకుని పడమటి గోడ బయటికి నడిచాను.

సందులో ఎవరూ లేరు. ఒక పక్క గోడ, ఇంకో పక్క మూసేసిన షెడ్లు. టక్, టక్ అని లోపల్నుంచి వచ్చింది. నేనూ తట్టాను. ఒక అడుగు జరిగాం. మళ్ళీ తట్టాను. ఎక్కడ విన్నా గట్టిగానే ఉంది ముదనష్టపుది. ఇంక నావల్ల కాలేదు. సుత్తి ఒళ్ళో పడేసుకుని, అక్కడున్న చెక్కపెట్టె మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. బోలు అనే గుర్తు పెట్టుకోండి. పడిపోనీ.

లోపల్నుంచి ఆయన తట్టారు. నేను ఊరుకున్నాను.

టక్... టక్...

జవాబు వెళ్ళింది. నా తల పక్కనుంచే.

సుత్తి నా ఒళ్ళోనే ఉంది. సందులో అటు చూశాను, ఇటు చూశాను. ఎవరూ లేరు. ఆయన మళ్ళీ తట్టారు. మళ్ళీ జవాబు. ఈసారి త్వరగా... ఉత్సాహంగా.

మెల్లగా చెవి ఆనించాను. ఇటుక వెచ్చగా ఉంది. లోపల ఎవరో గుసగుసలాడుతున్నారు. ఆడగొంతు.

"చెప్పండి... నేనా, అదా?"

అది నా గొంతు. కానీ అంత ముద్దుగా నేనెప్పుడూ అడగలేదు.

ఆయన నవ్వారు. "నువ్వే. ఇంకెవరు?"

"ఒట్టు?"

"ఒట్టు."

నిజం చెప్తున్నా, ముందు నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. నాకు రావలసిన మాట! ఎన్ని రోజులు కాచుకున్నానో ఆ మాట కోసం! ఆ తర్వాత అర్థమైంది... మూడడుగుల గోడలోంచి మాట దాటదు.

పరుగెత్తాను. లోపల చీకటి నిండిపోయింది. ఆయన గోడకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వుతున్నారు.

"ఏమండీ..."

కళ్ళు తెరిచారు. నన్ను చూశారు. గోడని చూశారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు... బయట ఉన్నావు కదా?"

"మాట్లాడకూడదన్నారు కదా. ఎందుకు మాట్లాడారు?"

"నువ్వే అడిగావని... అలిగావు కదా, పోనీలే అని..."

ఆయన వెనక గోడ ఒక్కసారి మోగింది. టక్.

చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాను. చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు.

గోదాంకి గుర్తింపు వచ్చింది. ఆయన మళ్ళీ అటు వెళ్ళలేదు. చీకటి పడకముందే ఇంటికి వస్తున్నారు. కమానుల ఊసు లేదు. నేను కోరుకున్నదంతా ఇదే. ఒక్కటే తేడా, రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.

మాది అయిదో అంతస్తులో ఫ్లాటు. బిల్డింగంతా బూడిదరంగు సిమెంటు దిమ్మెలే. వెతికినా ఒక్క ఇటుక దొరకదు. నిన్న పొద్దున దుప్పటి మారుస్తుంటే, ఆయన నుదురు ఆనే చోట సున్నం పెచ్చు ఊడి కనిపించింది. గోటితో గీకాను. కింద ఎర్రగా ఉంది. ఇంకొంచెం గీకాను.

ఇటుక. ఊపిరి పీలుస్తున్నట్టు సన్నగా పొంగి, తగ్గుతోంది.

ఎవరో నా చెయ్యి పట్టుకుని ఆపారు. మా ఆయనే. పెదాల మీద వేలు పెట్టుకుని, ఎంతో ప్రేమగా గోడవైపు చూస్తూ గుసగుసగా అన్నారు.

"మెల్లగా... ఇప్పుడే నిద్రపోయింది."