మట్టి మీద పోసే నీళ్ళు

చర్చి వెనక, ఫాదర్ పూజ వస్త్రాలుంచే గదికీ ప్రహరీగోడకీ మధ్య ఒక సందు ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్ళరు. మనిషి అలికిడి ఉండదట... నీళ్ళు పోస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తుందట.

ఆ చోటు గంజి పిన్నిది. ఆవిడ అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పెళ్ళికి ముందు నుంచీ పోయేదాకా, బలిపీఠం మీద పరిచే తెల్లగుడ్డలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది ఆవిడే. మొదటిసారి జాడించిన నీళ్ళు మాత్రం కాలవలో పోసేది కాదు. పూజలో క్రీస్తు శరీరంగా పంచే అప్పం, ఆ సత్ప్రసాదం రేణువేదైనా గుడ్డకి అంటుకుని ఉంటుందేమోనని, ఆ సందులో మట్టి మీద పోసేది — పసిబిడ్డకి తలంటినంత నెమ్మదిగా.

ఆవిడ పోయాక ఆ పని కూతురి మీద పడింది. మందుల షాపులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఒకరోజు తెమలక, పిల్లల యూనిఫాంలతో పాటే ఆ గుడ్డల్నీ వాషింగ్ మెషీన్‌లో పడేసింది. ఏమీ కాలేదు. ఇక అదే అలవాటైంది.

ఆ తర్వాతే సందులో చప్పుడు మొదలైందన్నారు.

"మీ అమ్మకి పైన కూడా సెలవు ఇచ్చినట్టు లేరమ్మా," అన్నాడు వాచ్‌మన్.

ఆమెకి నవ్వు రాలేదు. తను ఎగ్గొట్టిన పని అమ్మ వచ్చి చేసుకుంటోంది... చచ్చిపోయి కూడా.

ఒక సాయంత్రం పూజ అయ్యాక, అమ్మని క్షమాపణ అడగాలని, గోడ పట్టుకుని సందులోకి నడిచింది.

చీకటి. తడిమట్టి వాసన. ఆపైన — సన్నగా, ఆగి ఆగి... నీళ్ళు.

తెల్లబట్టల్లో ఎవరో వంగి ఉన్నారు.

"అమ్మా..." అంది. "తప్పయిపోయింది. ఇక నువ్వు రావద్దు. నేను చేస్తాను."

ఆ ఆకారం నడుం పట్టుకుని లేచింది.

"నేనమ్మా," అన్నారు కొత్తగా బదిలీ మీద వచ్చిన ఫాదర్. చేతిలో బేసిన్. "గుడ్డలు నీకు పంపేముందు ఒకసారి జాడిస్తున్నాను."

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెంటనే సిగ్గుతో తల వాలిపోయింది. "నేను చెయ్యట్లేదని... మీకు తెలుసా ఫాదర్?"

"మీ అమ్మగారే చెప్పారుగా. 'మా పిల్లకి ఊపిరి సలపదు ఫాదర్, దాన్నేమీ అనకండి, మొదటి నీళ్ళు మీరు పొయ్యండి' అని. నిన్న కూడా అడిగారు, మరిచిపోలేదు కదా అని. గట్టి మనిషే."

ఆమె చెయ్యి చాపి, ఆయన చేతిలోని బేసిన్ అందుకుంది.

"మీరు ఈ చర్చికి రాకముందే పోయింది ఫాదర్," అంది. "మా అమ్మ."