కుట్టు పడని మిషను

ముమ్మిడివరం దాటి కాలవగట్టు వెంట సముద్రం వైపు వెళ్తుంటే, రొయ్యల చెరువులు మొదలయ్యే చోట ఎడంపక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే అటువైపు ఎవరూ నడవరు. చెరువుల మీద కాపలాకి వెళ్ళేవాళ్ళు కూడా చుట్టు తిరిగి అవతలి గట్టు మీదుగా పోతారు. బండి మీద వెళ్ళక తప్పనివాళ్ళు హారన్ కొట్టుకుంటూ పోతారు — హారన్ వింటే దెయ్యం పక్కకి తప్పుకుంటుందన్నట్టు!

ఎందుకంటే... తాళం వేసి ఉన్న ఆ షెడ్డులోంచి కుట్టు మిషను చప్పుడు వినిపిస్తుంది.

లోపల కరెంటు లేదు. మనిషి అలికిడి లేదు. కిటికీలోంచి చూస్తే కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. చప్పుడు మాత్రం — టక్... టక్... టక్... కాసేపు ఆగుతుంది. మళ్ళీ మొదలవుతుంది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అమలాపురంలో దారాలూ, బొత్తాలూ, బాబిన్లూ అమ్ముకునేదాన్ని. నా కొట్టుకొచ్చే టైలర్లు చెప్పే కథలన్నీ నమ్మితే ఈపాటికి కొట్టు మూసేసి తాయెత్తులు అమ్ముకుంటూ ఉండేదాన్ని. అయినా ఈ ఒక్కటీ నమ్ముతాను. ట్రాలీ ఆటో బుజ్జిబాబు ఒట్టేసి చెప్పేడని కాదు. జరిగింది సూరిబాబుకి గనక. వాడికి జరగాల్సిందే.

ముందు మరియమ్మ గారి సంగతి చెప్పాలి. ఆ షెడ్డు ఆవిడదే. టార్పాలిన్లు, షామియానాలు, పడవల మీద కప్పే మందపాటి గుడ్డలు కుట్టేది. భర్త పోయాక ఆ పని మీదే కూతురు ప్రశాంతిని చదివించి టీచర్ని చేసింది. ఆ మిషను ఎప్పటిదో... తెల్లదొరల కాలంలో ఏదో గోనెసంచుల మిల్లుకి వచ్చిందట. ఒళ్ళంతా పోత ఇనుము. ఇద్దరు మొగాళ్ళు పడితే గానీ కదలదు. కాలితో తొక్కితే తోలు బెల్టు తిరిగి, నాలుగు మడతల టార్పాలినైనా సరే వెన్నలో దిగినట్టు సూది దిగిపోయేది.

అలాంటి పాత మిషన్లకి ఇప్పుడు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ పెద్ద హోటళ్ళవాళ్ళు తెప్పించుకుని, తళతళా తోమించి, వచ్చేవాళ్ళకి కనబడేలా గుమ్మంలో పెట్టుకుంటున్నారు. తోలు సంచులు కుట్టేవాళ్ళయితే పని కోసమే వెతుక్కుంటున్నారు, కొత్తవాటికి ఆ బలం లేదని. ఆ మిషన్లు కొని, బాగుచేసి అమ్మడం సూరిబాబు వ్యాపారం. చేతిలో పనితనం ఉంది, కాదనను. నోట్లో తేనె ఉంది. కడుపులో మాత్రం కత్తెర ఉంది.

వాడి పద్ధతి ఇదీ. ఎవరింట్లో పాత మిషను ఉందని తెలిసినా "ఊరికే నూనె పోసి పెడతానండీ" అంటూ వెళ్తాడు. మిషను మొహానికుండే రేకు విప్పుతాడు. సూదిని పట్టుకునే కడ్డీకి లోపల ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని వదులుచేసి, కడ్డీని బియ్యపు గింజంత పైకి జరిపి, మళ్ళీ బిగించేస్తాడు. అంతే. ఆ తర్వాత సూది దిగుతుంది, గుడ్డకి చిల్లులు పడతాయి... పై దారం మాత్రం కింద దారానికి అందదు. కుట్టు పడదు.

"దీని పనైపోయిందండీ. లోపల అరిగిపోయిందండీ. ఈ పార్టు ఇప్పుడెక్కడా దొరకదండీ" అని తనింట్లో మనిషి పోయినట్టు నిట్టూరుస్తాడు. ఆ ఇంటివాళ్ళు కొన్నాళ్ళు చూసి చూసి, పాత ఇనుము కింద వాడికే ఇచ్చేస్తారు. ఇంటికి పట్టుకెళ్ళి కడ్డీ కిందకి దించుకుంటాడు.

మరియమ్మ గారు ఇవ్వలేదు. "ఆయన తెచ్చిన మిషనండీ బాబూ, మూల పడుంటుంది, ఉండనివ్వండి" అంది. కానీ వాడు కనబడినప్పుడల్లా బతిమాలుకునేది — "బాబుగారూ, కుట్టు పడటం లేదండీ... ఒక్కసారి చూడరా..." వాడు చూస్తున్నట్టు చూసి, తల అడ్డంగా ఊపి పోయేవాడు. పని పోయింది. కూతురి సంపాదన మీద పడి తినడం ఇష్టం లేక, ఆవిడ రొయ్యలు వొలిచే షెడ్డులో చేరింది. తెల్లవార్లూ ఐసులో చేతులు పెట్టి నిలబడే పని. ఆ ఏడాది వానల్లో ఊపిరితిత్తులకి నిమ్ము చేరింది. క్రిస్మస్ చూడకుండానే పోయింది.

ఆవిడని సమాధి చేసిన కొన్నాళ్ళకే షెడ్డులో చప్పుడు మొదలైంది.

సూరిబాబు ఆ మాట విన్నాడు. విని నవ్వేడు కూడాను. వాడి గోల వాడిది — ఆ మిషను ఫొటో ఎప్పుడో బెంగుళూరు పంపించేసేడు, ఇస్తానని మాట కూడా ఇచ్చేసేడు. తల్లి లేదు గనక కూతురు ఇచ్చేస్తుందని, మొహం వేలాడేసుకుని ప్రశాంతి దగ్గరికి వెళ్ళేడు.

"తీసుకెళ్ళండి. కానీ ఇవాళే తీసుకెళ్ళిపోండి సూరిబాబు గారూ" అంది ప్రశాంతి తాళంచెవి చేతికిస్తూ. "రేపు రాజోలు నుంచి ఇంకో మెకానిక్ వస్తున్నాడండీ. లోపలంతా విప్పి చూస్తాడట."

సూరిబాబు గుండెల్లో రాయి పడింది. ఇంకో మెకానిక్ రేకు విప్పితే ఇంకేముంది! కడ్డీ మీద ఏళ్ళ తరబడి పడిన పాత గుర్తు ఒకచోట, స్క్రూ బిగింపు ఇంకోచోట. ఎవరో కావాలని జరిపేరని ఇట్టే తెలిసిపోతుంది. ఆ మిషను మీద తను తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యలేదు. ఈ మాట పాకిందంటే కోనసీమలో ఏ ఇంట్లోనూ గడప తొక్కనివ్వరు. తొక్కనివ్వకపోగా, ఇదివరకు మిషన్లు ఇచ్చినవాళ్ళంతా కలిసి వాడినే తొక్కేస్తారు.

బుజ్జిబాబు ఆటో దొరికి, ఇద్దరూ గట్టు మీదకి చేరేసరికి చీకటి పడిపోయింది. దానికి తోడు ఊరంతా కరెంటు పోయింది.

బుజ్జిబాబు గట్టు మీదే ఆపేసేడు.

"ఆయ్, నేను దిగనండీ. మీరు మిషను బల్ల మీంచి ఊడదీసి గుమ్మం దాకా తెచ్చేయండి. అప్పుడొచ్చి చెయ్యేస్తాను."

"ఏటయ్యా, చిన్నపిల్లాడిలాగా..."

"ఆగండి." బుజ్జిబాబు గొంతు తగ్గించేడు. "వినపడుతుందాండీ?"

టక్... టక్... టక్...

షెడ్డు తలుపుకి తాళం అలాగే ఉంది. లోపల మిషను ఆడుతోంది.

సూరిబాబుకి పారిపోదామనిపించింది. కానీ భయం ఒకపక్క, రేపొచ్చే మెకానిక్ ఒకపక్క. మెకానిక్కే నెగ్గేడు. ఫోను లైటు వేసుకుని గట్టు దిగి, తాళం తీసి, తలుపు తోసేడు.

చప్పుడు టక్కున ఆగిపోయింది.

లోపల ఎవరూ లేరు. గోడ వారగా టార్పాలిన్ల గుట్టలు. నడుమ మిషను. దాని ముందు ఖాళీ స్టూలు. సూది కింద ఒక టార్పాలిన్ పరిచి ఉంది, దాని నిండా వరసగా చిల్లులు... మిషను చక్రం ఇంకా నెమ్మదిగా తిరుగుతోంది. చూస్తుండగానే ఆగింది.

వాడు "ప్రభువా, రామా" అని అందరినీ ఒకేసారి తలుచుకుంటూ, ఫోను బల్ల మీద ఆనించి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసేడు. అప్పుడు వెనకనుంచి...

"బాబుగారూ..."

గిర్రున తిరిగేడు. మోచెయ్యి తగిలి ఫోను గుట్టల్లోకి జారిపోయింది. చీకటి మూసేసింది.

"కుట్టు పడటం లేదండీ... ఒక్కసారి చూడరా..."

అవే మాటలు. అదే బతిమాలడం. స్టూలు కిర్రుమంది — ఎవరో కూర్చున్నారు.

"చూ... చూస్తానండీ... ఇప్పుడే చూసేస్తానండీ మరియమ్మ గారూ..."

ఏం బాగులేదని అడగలేదు. దారం చూడలేదు, బాబిన్ చూడలేదు, బెల్టు తడమలేదు. ఆ కటిక చీకట్లో వాడి చెయ్యి సరాసరి రేకు మీదకి వెళ్ళింది. రేకు ఊడదీసింది. లోపలున్న ఆ ఒక్క స్క్రూ దగ్గరికే వెళ్ళింది. కుడిచేత్తో వదులు చేసేడు, ఎడంచేత్తో సూదిని పట్టుకుని కడ్డీని కిందకి లాగేడు, బిగించేడు.

"అయిపోయిందండీ... ఇంక పడుతుందండీ..."

టప్‌మని ఏదో వాలింది. గుడ్డని నొక్కిపట్టే ఇనుప పాదం — వాడి ఎడంచేతి చొక్కా అంచు మీద. చెయ్యి లాక్కోబోయేడు. రాలేదు.

"తొక్కి చూడనాండీ?"

టక్. టక్. టక్. మణికట్టుకి తగిలీ తగలకుండా సూది దిగుతోంది. వాడు గావుకేక పెట్టేడు. "నేనే చేసేనండీ! కడ్డీ నేనే జరిపేనండీ! అరగలేదండీ, ఏమీ అవలేదండీ! వదిలేయండమ్మా!"

మిషను ఆగింది. టార్చిలైటు వెలిగింది. స్టూలు మీద కూర్చుని, చక్రం మీద చెయ్యి వేసి ఉన్నది... ప్రశాంతి.

"బాగుచెయ్యడానికి ఎంతసేపు పట్టింది సూరిబాబు గారూ?" అని అడిగింది. "నేనే చెప్తాను. నేను పది లెక్కపెట్టే లోపు. ఆ కాస్త పనికి మా అమ్మ ఐసులో చేతులు పెట్టి చచ్చిపోయింది."

ఏడవలేదట. తిట్టలేదట. చొక్కా అంచుని టార్పాలిన్‌కి కలిపి ఇంకో వరస, దాని పక్కన మరో వరస కుట్టింది. నైలాను దారం... ఏనుగు లాగినా తెగదు. కుట్టు మాత్రం ముత్యాల్లా పడింది. అప్పుడు లేచింది.

"తలుపు తీసే ఉంటుంది. చొక్కా ఇక్కడ విప్పేసి, పైన గుడ్డ లేకుండా బయటికి రండి. రేపు ఆ చొక్కా అందరికీ చూపిస్తాను."

ఆ మాటనేసి గట్టు మీదకి వచ్చేసింది. చీకట్లోంచి తెల్లచీరలో మనిషి వస్తుంటే బుజ్జిబాబు ఆటో వెనక్కి దూరిపోయేడు.

"నేనేనండీ, ప్రశాంతిని" అంది. మెల్లిగా సంగతంతా చెప్పింది. అమ్మ పోయాక నిద్ర పట్టక, బడి నుంచి వచ్చాక రోజూ వెనక కాలవ వైపు తలుపు తీసుకుని షెడ్డులో చీకట్లోనే కూర్చునేదట. అమ్మ చేతిలో ఆడిన మిషను ఎందుకు చచ్చిపోయిందో తెలుసుకోవాలని తొక్కి తొక్కి చూసేదట. రాజోలు మెకానిక్ రేపు రావడమేమిటి, పోయిన వారమే వచ్చేడు. "ఇది దానంతటది జరిగేది కాదమ్మా, ఎవరో జరిపేరు" అని చెప్పి వెళ్ళేడు. ఎవరో తేల్చుకోవడానికే దాన్ని అలాగే ఉంచేయమందట. ఇవాళ తాళం తీస్తున్న చప్పుడు వినగానే టార్పాలిన్ల గుట్టల వెనక దాక్కుందట.

బుజ్జిబాబుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇన్నాళ్ళూ మమ్మల్ని జడిపించిన దెయ్యం మీరాండీ టీచరు గారూ! నేనెంత దూరం చుట్టు తిరిగి పోయేనో తెలుసాండీ?" అని పడీపడీ నవ్వేడు. సూరిబాబు చొక్కా లేకుండా వస్తే ఫొటో తియ్యాలని ఫోను కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. తలుపు బార్లా తీసి ఉంది. వాడు రాలేదు.

"బొత్తాలు తీసుకోడానికి ఇంతసేపాండీ?" అన్నాడు బుజ్జిబాబు.

అప్పుడు...

టక్.

బుజ్జిబాబు ఫోను దించేసేడు.

టక్... టక్... టక్...

ఇన్నాళ్ళూ విన్న ఉత్తి చప్పుడు కాదది. బరువుగా, నిదానంగా, మందపాటి గుడ్డ మీద కుట్టు పడుతున్న చప్పుడు. తొందరేమీ లేదు. మూల దగ్గర ఆగి, గుడ్డ తిప్పుకుని, మళ్ళీ సాగినట్టుంది.

"వద్దండీ..." అన్నాడు లోపల సూరిబాబు. ఒక్కసారే అన్నాడు. తర్వాత వాడి గొంతు వినబడలేదు. మిషను మాత్రం ఆగలేదు.

"టీచరు గారూ..." బుజ్జిబాబు గుసగుసలాడేడు. "మీరిక్కడున్నారు కదండీ... మరి లోపల తొక్కుతుందెవరండీ?"

ప్రశాంతి తల ఒకపక్కకి వంచి వింటోంది. చిన్నప్పట్నుంచీ ఆ తొక్కుడు వింటూ నిద్రపోయిన పిల్ల. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"వెళ్దామండీ... పాపం, మనిషండీ... లాక్కొచ్చేద్దామండీ" అన్నాడు బుజ్జిబాబు ఏడుపు గొంతుతో. అంటున్నాడే గానీ అడుగు పడలేదు.

ప్రశాంతి చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, గట్టు మీద నెమ్మదిగా కూర్చుంది.

"పనిలో ఉండగా లేపితే అమ్మ ఒప్పుకోదండీ" అంది. "కుట్టు పూర్తవనివ్వండి."