రెక్కకు అటువైపు చోటు

పొద్దున టీ దగ్గరే పెద్ద కోడలికి ఒళ్ళు మండింది. పెద్ద కారణం కూడా అక్కర్లేకపోయింది. మామగారు కప్పు అందుకుంటూ, చిన్నమ్మాయి లేచిందా, వెలుతురు బాగుంది, త్వరగా మొదలుపెట్టాలి అన్నారు, అంతే. టీ పెట్టింది పెద్ద కోడలు. చేతికిచ్చింది పెద్ద కోడలు. ఆయన అడిగింది మాత్రం చిన్న కోడలి గురించి.

"లేచింది లెండి. మహారాణిగారు తయారయ్యేదాకా విమానం ఎక్కడికీ ఎగిరిపోదు" అంది, ఆయనకు వినపడేంత గట్టిగా కాకుండా, వినపడనంత మెల్లగా కూడా కాకుండా. ఆయన వినీ విననట్టు టీ ఊదుకున్నారు.

ఆ ఇంటికి వంటగది ఎంతో, పెరట్లో ఉన్న షెడ్డు కూడా అంతే. అందులో యుద్ధకాలం నాటి విమానం ఒకటుంది. ఏళ్ళ తరబడి సరస్సు అడుగున బురదలో కూరుకుపోయిన దాన్ని తాళ్ళు కట్టి, గాలి సంచులు కట్టి పైకి లేపి, ముక్కలు ముక్కలుగా ఇంటికి తెచ్చుకున్నారు. ఇంజను పని పెద్ద కొడుకుది. చిన్న కొడుక్కి ఓడ మీద ఉద్యోగం, ఇంట్లో ఉండేది తక్కువ. చెక్క పని, గుడ్డ పని మామగారివి. ఆ విమానం రెక్కలు రేకువి కావు మరి. చెక్క ఎముకల మీద గుడ్డ తొడిగి, దాన్ని ఎముకలకు కుట్టేసి, పైన పూత పూయాలి. పూత ఆరాక గుడ్డ తట్టితే మోగేంత బిగుస్తుంది. కుట్టు వదులైతే గాల్లో ఆ గుడ్డ ఉబ్బి చిరుగుతుంది. ఆ తర్వాత విమానం సంగతీ, అందులో కూర్చున్నవాడి సంగతీ చెప్పనక్కర్లేదు.

ఆ కుట్టు ఒక్కరి వల్ల కాదు. రెక్కను అంచు మీద నిలబెట్టి ఇటొకరు, అటొకరు కూర్చోవాలి. ఇటువాళ్ళు మూరెడు సూదిని గుడ్డలోంచి దూరిస్తే అటువాళ్ళు అందుకుని, ఎముక పక్కనుంచి తిరిగి పంపాలి. మధ్యలో రెక్క అడ్డం కాబట్టి ముఖాలు కనపడవు. మాటలన్నీ దారంతోనే. దారం లాగి 'పంపు' అనాలి, లాగి 'ఆగు' అనాలి. ముడి వేసేది మామగారు. అటువైపు చోటు పెద్ద కోడలిది.

కాపురానికి వచ్చిన కొత్తలో, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక ఆమె బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే, మామగారే పిలిచి అక్కడ కూర్చోబెట్టారు. ఆయన అసలే మితభాషి. అయినా దారం లాగే తీరును బట్టి ఆయన చిరాకు, సంతోషం, ఆకలి అన్నీ ఆమెకు తెలిసిపోయేవి. కన్నతండ్రి దగ్గర కూడా ఆమెకు అంత చనువు లేదు. కుడి రెక్క మొత్తం అలాగే పూర్తయింది. తనిఖీకి వచ్చిన అధికారి వేలితో నొక్కి చూసి, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు కాబోలు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళాడు.

ఆ తర్వాత ఇంట్లో చిన్న కోడలు అడుగుపెట్టింది. యుద్ధకాలపు విమానాల మీద పరిశోధన చేస్తుంది. వచ్చీ రాగానే తోక మీది రంగును పొరలు పొరలుగా గీకి, అడుగున ఉన్న పాత అంకెను బయటపెట్టింది. ఆ అంకె పట్టుకుని ఎక్కడెక్కడో విచారించి, ఆ విమానం నడిపినవాడి కూతురు ఇంకా బతికే ఉందని కనిపెట్టింది. విమానం ఎగిరే రోజున చూడ్డానికి వస్తానని ఆ ముసలావిడ ఫోన్లో చెబుతుంటే మామగారు కళ్ళు తుడుచుకున్నారు. పెద్ద కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. తన పని చూసి ఆయన ఏనాడూ కళ్ళు తుడుచుకోలేదు.

అది కూడా మింగేసేదేమో. కానీ ఎడమ రెక్క మొదలుపెట్టే రోజున మామగారు ఆమె ముఖం చూడకుండా, "దీనికి చిన్నమ్మాయి కూర్చుంటుందిలే, పెద్దమ్మాయ్. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో" అన్నారు. విశ్రాంతి అట. ఆమె ఎప్పుడైనా అడిగిందా?

భర్తకు చెప్పుకుంటే, ఒక చాకిరీ తప్పింది కదా, సంతోషించక అన్నాడు. ఆమె చూసిన చూపుకు లేచి ఇంజను దగ్గరికి పోయాడు. ఆనాటి నుంచి ఆమె షెడ్డు గడప తొక్కలేదు. తోడికోడలితో మాటలు 'ఊ', 'ఆ'లకు దిగిపోయాయి. ఒకరోజు ఆ పిల్ల వంటగది గుమ్మంలో నిలబడి, "అక్కా, ఒక్క విషయం అడగొచ్చా?" అంది. నీ అంత చదువు నాకు లేదమ్మా, నన్నేం అడుగుతావు అని పెద్ద కోడలు గిన్నెలు ఎత్తి గట్టిగా పెట్టింది. ఆ పిల్ల కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పెద్ద కోడలికి ఆ రోజు అన్నం సహించింది.

ఇవాళ ఆ కుట్టు పూర్తయింది. రేపు పూత. వచ్చే వారం తనిఖీ. ఈ మాటలు భర్త నోటినుంచి విన్నది పెద్ద కోడలు. అతని చేతులు గ్రీజుమయం, టీ నువ్వే తెచ్చిపెట్టు అంటే, తప్పక, చాలా రోజులకు షెడ్డులోకి వచ్చింది. టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోవచ్చు. కాళ్ళు రెక్క దగ్గరికి లాక్కెళ్ళాయి. ఎముక మీది దారాన్ని బొటనవేలితో నొక్కింది.

వేలు దారం కిందికి దూరింది.

ఇంకోచోట నొక్కింది. అక్కడా అంతే. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు కలిగింది భయం కాదు, సంబరం. ఇన్నాళ్ళూ లోపల రగులుతున్నదానికి ఒక్కసారిగా దారి దొరికింది. గొంతెత్తి అందర్నీ పిలిచింది. మామగారు వచ్చారు, వెనకాలే చిన్న కోడలు.

"చూడండి మామయ్యగారూ, మీ చిన్నమ్మాయి పనితనం. ముడి వెయ్యడం చేతకానిదానికి ముడి అప్పజెప్పారు. తోక మీద అంకెలు కనిపెడితే సరిపోతుందా? ఈ రెక్కతో మనిషి పైకి ఎగరాలి. ఆ ముసలావిణ్ణి పిలిపించి, ఏం చూపిద్దామని?"

భర్త నెమ్మదిగా మాట్లాడమన్నాడు. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు. చిన్న కోడలు తల దించుకుంది తప్ప నోరు విప్పలేదు. ఆ మౌనం పెద్ద కోడలికి ఇంకా కోపం తెప్పించింది. బల్ల మీది కత్తెర అందుకుని, వరస మొదట్లో ఒక ముడి, దాని కింద ఇంకోటి, ఇంకోటి, టకటకా కత్తిరించుకుంటూ పోయింది. అవి ఎలాగూ కత్తిరించాల్సినవే. కానీ ఆమె కత్తిరించిన తీరు వేరు.

తెగిన దారాన్ని తోడికోడలి ముఖాన విసిరేద్దామని వేళ్ళతో లాగింది. లాగి, ఆగిపోయింది. ముడి మెలిక ఎడమవైపు తిరిగి ఉంది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే.

ఆమె ఇంకో ముడి చూసింది. అదీ అంతే. మామగారు వేసిన ముడి వదులవడమన్నది ఆమె ఊహకే అందని విషయం. అందుకే, ముడి వైపు కూర్చున్నదెవరో ఎవర్నీ అడగాలని కూడా తోచలేదు. ఆయన వంక చూసింది. ఆయన తన చేతుల్ని చొక్కా జేబుల్లో దాచుకుంటున్నారు.

"కుడి రెక్క అయిపోయిన తర్వాత మొదలైందమ్మా" అన్నారాయన. "వేళ్ళ కొసలకి ఏమీ తెలియట్లేదు. దారం బిగిసిందో లేదో తెలియదు. వేడి కప్పు పట్టుకున్నా తెలియదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పడమెందుకు, అటు కూర్చుంటే నువ్వే పట్టేస్తావు. మొదటి కుట్టుకే పట్టేస్తావు. నీ ముందు చిన్నతనంగా అనిపించింది పెద్దమ్మాయ్. చిన్నమ్మాయికైతే నా చెయ్యి ఎలా ఉండేదో తెలియదు కదా, తెలియకుండా గడిచిపోతుందనుకున్నాను."

"నాకు తెలిసిపోయింది మామయ్యగారూ" అంది చిన్న కోడలు. "మీరు వెళ్ళాక రోజూ ఇటువైపుకి వచ్చి మళ్ళీ ముడులు వేద్దామని చూశాను. నాకు చేతకాలేదు. నేర్పమని అక్క దగ్గరికి వెళ్ళాను."

పెద్ద కోడలికి వంటగది గుమ్మం, గిన్నెల చప్పుడు, ఆ రోజు సహించిన అన్నం అన్నీ గుర్తొచ్చాయి. కత్తెర బల్ల మీద పెట్టేసింది. చిన్న కోడలు దగ్గరికి రాలేదు. దూరం నుంచే మాట్లాడింది.

"మీ మీద నాకెంత కుళ్ళో మీకు తెలియదక్కా. ప్రతి కుట్టుకీ, పెద్దమ్మాయైతే ఇలా లాగేది, పెద్దమ్మాయైతే అలా పంపేది. ఒక్కోసారి సూది అక్కడే పారేసి పోదామనిపించేది. ఆ ముసలావిడ సంగతి చెప్పినరోజు కూడా, ఈ మాట ముందు పెద్దమ్మాయికి చెప్పాలి అన్నారు. మీరు గుమ్మంలోంచి వెళ్ళిపోయారు."

పెద్ద కోడలు కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడుపుతో పాటు ఎక్కణ్ణుంచో నవ్వు కూడా వచ్చింది. తనను చూసి ఒకరు కుళ్ళుకుంటున్నారని తెలియక, తను ఇన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి చచ్చింది. ఆమె భర్త, ఎవర్ని ఓదార్చాలో తెలియక, చల్లారిపోయిన టీ తాగేశాడు.

మర్నాడు పూత ఆపేశారు. పాత కుట్టు మొత్తం విప్పారు. పెద్ద కోడలు ముడి వైపు కూర్చుంది, చిన్న కోడలు అటువైపు. ఏదైనా తెలియకపోతే అడుగు, నేను కసిరినా అడుగు అని పెద్ద కోడలు ముందే చెప్పింది. మామగారు వెనకాల స్టూలు వేసుకున్నారు. ఒక పట్టాన కుదురుగా కూర్చోలేదు. దారానికి మైనం ఎక్కువైందన్నారు. సూది ఏటవాలుగా వస్తోందన్నారు. అక్కాచెల్లెళ్ళలా కబుర్లు చెప్పుకుంటూ కుడితే పని ఇలాగే ఉంటుందని గొణిగారు. ఈయనకేమైంది అన్నట్టు కొడుకు కళ్ళెగరేశాడు.

పెద్ద కోడలికి మాత్రం తెలిసింది. ఆ గొణుగుడు ఆమెకు బాగా పరిచయమైనదే. తన చోట్లో ఇంకొకరు కూర్చుంటే గొంతులోంచి వచ్చే మాటలవి. ఇన్నాళ్ళూ వంటగదిలో ఆమె చేసింది అదే.

ఆమె పని ఆపి లేచింది. స్టూలు తనే లాగి రెక్క పక్కన వేసింది. "కూర్చోండి మామయ్యగారూ" అని, ఆయన ఎడమచేతిని జేబులోంచి బయటికి తీసింది. వేళ్ళ జోలికి పోలేదు. దారాన్ని మణికట్టుకు ఒక చుట్టు చుట్టింది. "ఇక్కడ తెలుస్తుందా?"

అటువైపు నుంచి చిన్న కోడలు దారం బిగించింది. మణికట్టు మీద చర్మం కాస్త నొక్కుకుంది.

"తెలుస్తోంది" అన్నారు. తర్వాత, మెల్లగా, "ఇంకొంచెం లాగమను. ఆఁ. చాలు. ఇప్పుడు వెయ్యి."

ఆమె కళ్ళు తుడుచుకోకుండానే ముడి వేసింది.