రెండు సీసాలు, ఒక గ్లాసు

రామంతాపూర్ చెరువులో ఆ ఉదయం ఆరుంబావుకి నాలుగు వేల హత్యలు జరిగాయి. హతులందరూ చేపలే కాబట్టి పోలీసులు రాలేదు. పేపరువాళ్లు మాత్రం వచ్చి, ముక్కు మూసుకుని ఫొటోలు తీసుకుని, టిఫినుకు వెళ్లిపోయారు.

ఎనిమిదిన్నరకు ఏజెంట్ త్రిమూర్తులు ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద టీ బండి దగ్గర నిలబడ్డాడు. పక్కనే నల్లకళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన బిస్కెట్ టీలో ముంచుతూ, ఎటో చూస్తూ అడిగాడు.

"ఉప్పల్‌లో ఉప్పుందా?"

"నాచారంలో ఆచారముందా?" అన్నాడు త్రిమూర్తులు.

కోడ్ కుదిరింది. బిస్కెట్ విరిగి టీలో పడింది. ఆ పెద్దమనిషి బుచ్చిబాబు, మలిన నదుల విభాగానికి డైరెక్టరు. పొడి అక్షరాల్లో మ.న.వి. ప్రభుత్వంలో అంత రహస్యమైన శాఖ మరొకటి లేదు. ఎంత రహస్యమంటే, ఉన్నట్టు ప్రభుత్వానికే గుర్తులేదు. మురుగు సంగతి చూడమని పెడితే తానే మరుగున పడిపోయి, ఇరవై ఏళ్లుగా పైవాళ్లకు మనవి చేసుకుంటూ బతుకుతోంది.

త్రిమూర్తులుకు యాభై రెండేళ్లు. పోటీ పరీక్ష నెగ్గి, గాలీ నీళ్లూ కాపాడే సర్కారు కొలువు కొట్టానని ఒకప్పుడు కాకినాడలో చెప్పుకుంటే, మేనమామ "గాలి ఉద్యోగమట్రా" అని నవ్వాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు తర్వాత మామయ్య ఎంత ముందుచూపున్న మనిషో అర్థమైంది.

"టార్గెట్, పుణ్యజల గ్రీన్ రిసోర్సెస్, నాచారం," అన్నాడు బుచ్చిబాబు గొంతు తగ్గించి. "పై దేశాల్లో పారబోసే చోటు దొరకని విషాన్ని ద్రవ ఎరువు అని లేబులేసి దింపుకుంటున్నారు. ముఠా తరఫున హోల్ట్ అనే దొర వచ్చాడు. రాత్రికి ఫ్లైటెక్కుతాడు. నిన్న ట్రయల్‌కి కాస్త వదిలారు, చేపల గతి చూశావుగా. అసలు సరుకు నలభై వేల లీటర్లు. ఇవాళ సాయంత్రం వాన మొదలవగానే చెరువుకు పోయే మురుగు నాలాలోకి."

"ఇప్పుడే దూరి ఒక సీసాడు కొట్టుకొచ్చేయనా సార్?"

"దొంగ శాంపిల్ కోర్టులో నిలబడదయ్యా. వాళ్ల ఎదుటే తీయాలి. రెండు సీసాల్లో పోసి, సీలేసి, రెంటిమీదా వాళ్ల సంతకం తీసుకోవాలి. సంతకం లేకపోతే అవి మా నీళ్లు కావంటారు. పదేళ్లు నడుస్తుంది కేసు."

లోకంలో ఏ గూఢచారి అయినా శత్రువు కంటపడకుండా సాక్ష్యం తెస్తాడు. మనవి గూఢచారి శత్రువు చేతే సంతకం పెట్టించి తేవాలి.

"ఏడుసార్లు వెళ్లావు, ఏడుసార్లూ మంచినీళ్లే తెచ్చావు," అన్నాడు డైరెక్టరు. "ఇవాళ కూడా శుభ్రమని రిపోర్టొస్తే ఐదేళ్ల పర్మిషన్ ఇచ్చి తీరాలి. ఎవరో ముందే లీక్ చేస్తున్నారు. వాళ్ల కన్సల్టెంట్ హరిణి మీద నాకు డౌటు. అందంగా ఉంటుంది."

"అందంగా ఉంటే తప్పా సార్?"

"మన లైన్లో తప్పే," అని ఒక క్యారీబ్యాగ్ చేతికిచ్చాడు. వేరే దేశాల ఏజెంట్లకు తుపాకీ దాగిన పెన్నులిస్తారు. త్రిమూర్తులుకు దక్కినవి రెండు గాజు సీసాలు, లక్క, ఇత్తడి సీలు, ఒక కొవ్వొత్తి, చెమ్మగిల్లిన అగ్గిపెట్టె. "ఇన్‌స్పెక్షన్ నాలుగింటికి. టూర్ ప్రోగ్రాం అప్రూవ్ చేసేశాను. మూడున్నరకు ఇక్కడికే కారొస్తుంది."

"మన ఆఫీసులో కారెక్కడిది సార్?"

బుచ్చిబాబు గ్లాసు అడుగున ఉన్న బిస్కెట్‌ని దీక్షగా చూశాడు.

ఏడుసార్లూ చెప్పిన వేళకే వెళ్లిన త్రిమూర్తులు ఈసారి రెండింటికే షేర్ ఆటోలో నాచారం చేరాడు. ప్రభుత్వోద్యోగి రెండు గంటలు ముందొస్తాడని అనుమానించే తెలివి ఏ ముఠాకూ ఉండదు. అది చాలదన్నట్టు మారువేషం కూడా వేశాడు. ఖాకీ చొక్కా, ముఖానికి మాస్కు, భుజాన దోమల పొగ మిషను. మున్సిపాలిటీలో స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చాడు. ఆ మిషను చప్పుడు వినగానే ఊరంతా కిటికీలు మూసుకుంటుంది కానీ, మోసేవాడి మొహం చూసిన వాడు ఈ నగరంలో పుట్టలేదు.

పుణ్యజల గేటు లోపల కంపు గుప్పుమంది. కంపు ముందు పుట్టి, కంపెనీ తర్వాత పుట్టి ఉంటుందనుకున్నాడు. షెడ్డు పక్కన ఒక నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. త్రిమూర్తులు పైకెక్కి, మూత తీసి, గరిటె ముంచాడు.

"ఏందన్నా, నా ట్యాంకర్ల గరిటె వెడుతున్నవ్? పప్పుచారనుకున్నవా?" అన్నాడు డ్రైవర్ బాలరాజు.

"ఈ నీళ్లెక్కడికి?"

"ఔట్‌లెట్ తొట్టిల పొయ్యాలె. నాలుగింటికి ఎవడో సర్కారు సారొస్తడంట. సీసల నింపుకొని పోతడంట. గిట్ల ఏడుసార్లు తీస్కపోయిండు. పాపం, ఆయనింట్ల నల్లా రాదేమో."

మాస్కు వెనక త్రిమూర్తులు చెవులదాకా ఎర్రబడ్డాడు. గరిటెలో నల్ల నలుసులు గంతులేస్తున్నాయి.

"దోమ పిల్లలు. మందేశాను. సాయంత్రందాకా ఈ నీళ్లు ఎక్కడా పోయడానికి వీల్లేదు."

"గేట్ల రిజిస్టర్ల ఎక్కిచ్చిన్రు గదన్నా, ట్యాంకర్ వచ్చిందని."

"ఎక్కించారు కదా, ఇంకేం. రాసుంటే పోసినట్టే. నువ్వు పోయి అన్నం తిను."

"మస్తు చెప్పినవ్," అని బాలరాజు తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"రాసుంటే పోసినట్టే. బాగుంది సార్," అంది వెనక నుంచి ఒక గొంతు.

మల్లెపూల సెంటు. నాచారంలో ఆ వీధిలో మంచి వాసన ఏదైనా అనుమానాస్పదమే. నల్ల చీర, నల్ల కళ్లద్దాలు, మోచేతికి పెద్ద హ్యాండ్‌బ్యాగు. హరిణి.

"ఉప్పల్‌లో ఉప్పుందా?" అందామె.

త్రిమూర్తులు గరిటె వీపు వెనక దాచాడు. జవాబు చెప్పాలా, పారిపోవాలా తేలలేదు.

"భయపడకున్రి. మాస్కున్నా గొంతు గుర్తువట్టిన. నేను మన ల్యాబుల కాంట్రాక్ట్ అనలిస్టును. రెండేండ్ల కింద నన్ను ఈడికి మారుపేరుతోని పంపిన్రు. తర్వాత నా ఫైలు పోగొట్టుకున్నరు. ఇప్పుడు నేను మీ మనిషినని మీ డైరెక్టర్‌కే యాదికి లేదు."

"మరి లీక్ చేస్తున్నదెవరు?"

ఆమె ఫోను తీసి చూపించింది. బుచ్చిబాబు సంతకంతో టూర్ ప్రోగ్రాం. తేదీ, వేళ, తీసే శాంపిల్, అన్నీ ఉన్నాయి. అడుగున ఒక వాక్యం: కాపీ టు, మేనేజర్, పుణ్యజల గ్రీన్ రిసోర్సెస్, వాహనం పంపగోరుతూ.

"ఏడుసార్లు గిదే. ఇగ నేను లీక్ చెయ్యనీకి ఏం మిగిలింది సార్?"

ఇరవై ఆరేళ్ల సర్వీసు కళ్లముందు గిర్రున తిరిగింది. త్రిమూర్తులు ట్యాంకరు దిగాడు. "సరే. ట్యాంకరు పోయలేదని మీ మేనేజరు తొట్టి చూసి కనిపెట్టేస్తేనో?"

"చూసినా తెల్వదు. తొట్టిల ఉన్నది గా విషమే గానీ, నాలాల పోతే ఎవ్వరికీ కనవడొద్దని హోల్ట్ దొర ఏదో పొడి తెచ్చిండు. అది కలిపి రంగు తీసేసిన్రు, వాసన తీసేసిన్రు. ఇప్పుడు దానికీ మంచినీళ్లకూ తేడా ఆళ్లకే తెల్వదు."

నాలుగింటికి త్రిమూర్తులు తన మూడో అవతారంలో, ఇస్త్రీ చొక్కాతో, ఉప్పల్ నుంచి కంపెనీ ఏసీ కారులోనే వచ్చి దిగాడు. మబ్బులు నల్లగా కమ్ముకున్నాయి. ఔట్‌లెట్ తొట్టి దగ్గర మేనేజర్ లక్ష్మీకాంత్ చేతులు చాపి ఎదురొచ్చాడు.

"రండి రండి త్రిమూర్తులు గారూ. ఎనిమిదోసారి. ఇల్లరికం అల్లుడు కూడా మా ఇంట్లో ఇంతగా తిరగడండీ."

పక్కన హోల్ట్ తన దేశం నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులో నీళ్లు తాగుతూ నిలబడ్డాడు. ఈ ఊళ్లో పంపు నీళ్లతో పళ్లు కూడా తోముకోలేదట.

"నీళ్ల ట్యాంకర్ ఎంట్రీ అయింది సార్," అని హరిణి మేనేజరు చెవిలో చెప్పి, గేటు రిజిస్టరు ఫొటో చూపించింది. ఆయన తల ఊపాడు. తొట్టి వైపు కూడా చూడలేదు.

నీళ్లు స్ఫటికంలా ఉన్నాయి. రెండు సీసాలు నిండాయి. త్రిమూర్తులు అగ్గిపుల్ల గీశాడు. వెలగలేదు. ఇంకోటి గీశాడు, విరిగింది. మొదటి చినుకు చెంప మీద పడింది. హోల్ట్ గోడ అవతలి నాలా వైపు, తర్వాత వాచీ వైపు చూశాడు.

"తీసుకోండి," అని లక్ష్మీకాంత్ తన బంగారు లైటర్ అందించాడు. "ప్రభుత్వానికి ఆ మాత్రం నిప్పు కూడా మేమే ఇవ్వాలా?"

లక్క కరిగింది. సీలు పడింది. మొదటి సీసా మీద సంతకం పెట్టాడు లక్ష్మీకాంత్. సంతకమంటే ఆయనకు కచేరీ. ఇంటిపేరుతో మొదలై, పేరు పూర్తయ్యాక కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

"గ్లాసు తీసుకురండమ్మా," అన్నాడు రెండో సీసా అందుకుంటూ.

 ఆ సంగతే త్రిమూర్తులు మరిచాడు. ఏడుసార్లూ లక్ష్మీకాంత్ ఆఫీసరు ముందు ఆ తొట్టిలో గ్లాసు ముంచుకుని, గటగటా తాగి, మీసం తుడుచుకునేవాడు. మా ప్లాంటు నీళ్లు గంగతో సమానం అనేవాడు. హరిణి మొహం తెల్లబోయింది. ఆయన తనే గ్లాసు లాక్కుని ముంచాడు.

ఎడమ చేతిలో గ్లాసు, కుడిచేతిలో పెన్ను. ఇప్పుడాపితే రెండో సంతకం లేదు, నలభై వేల లీటర్లు నాలాలోకి, ఐదేళ్ల పర్మిషన్ ముఠా జేబులోకి. ఆపకపోతే లక్ష్మీకాంత్ లేడు. ఆ రెంటినీ తూకం వేస్తే ఊళ్లో ఎవరైనా ఏమంటారో త్రిమూర్తులుకు తెలుసు. తన మనసు కూడా అదే అంటుంటే సిగ్గేసింది.

పేరు పూర్తయింది. గీత పడింది. గ్లాసు లేచింది. ఒక చుక్క. గ్లాసు పెదవికి తగిలింది. రెండో చుక్కా త్రిమూర్తులు చెయ్యీ ఒకేసారి పడ్డాయి. గ్లాసు గోడకు తగిలి ముక్కలైంది.

"ఏంటండీ ఈ రౌడీయిజం?" అన్నాడు లక్ష్మీకాంత్.

"అవి మీ నీళ్లేనండి," అన్నాడు త్రిమూర్తులు, సీసాలు రెండూ గుండెకు హత్తుకుంటూ. "ట్యాంకర్‌వి కావు."

లక్ష్మీకాంత్ షెడ్డు వైపు తల తిప్పాడు. మూత దాకా నిండిన ట్యాంకరు మీద కూర్చుని బాలరాజు పళ్లు కుట్టుకుంటున్నాడు. మేనేజరు నాలుక పిడచగట్టుకుపోయింది. ఫ్లాస్కు కోసం చెయ్యి చాపితే హోల్ట్ మూత బిగించుకున్నాడు.

వాన జోరందుకుంది. సాక్ష్యం నాలాలో కలిపేయాలని హోల్ట్ వాల్వు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ పైపుంది, తిప్పే చక్రం లేదు.

హరిణి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. లిప్‌స్టిక్ తీసింది, దువ్వెన తీసింది, చివరికి ఎర్ర చక్రాన్ని సగం పైకి తీసి చూపించి మళ్లీ లోపల పెట్టేసింది.

"దీని కోసమే సార్ పెద్ద బ్యాగు కొన్న."

ఆ సాయంత్రం నాలాలో వాన నీళ్లు తప్ప ఇంకేవీ పారలేదు. రెండు సీసాలూ ల్యాబుకు, హోల్టూ లక్ష్మీకాంతూ లాకప్పుకు చేరారు. ప్లాంటుకు తాళం పడింది. మా నీళ్లు కావని వాదించడానికి కోర్టులో లాయరు లేచి, సీసా మీద రెండు చుక్కల సంతకం చూసి, కూర్చున్నాడు.

మరుసటి వారం మలిన నదుల విభాగం నుంచి త్రిమూర్తులుకు కవరొచ్చింది. లోపల మెమో. ఇన్‌స్పెక్షన్ సందర్భంగా కంపెనీవారి గాజు గ్లాసు ఒకటి ధ్వంసం చేసినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది. కాపీ టు, మేనేజర్, పుణ్యజల గ్రీన్ రిసోర్సెస్.

త్రిమూర్తులు చేతికి అది మంగళవారం అందింది. జైల్లో లక్ష్మీకాంత్‌కి సోమవారమే అందిందట.