అడగని ఇల్లు

"వీధిలో అందరికీ సాయం చేశావు... నాన్న ఒక్కడే బరువయ్యాడా అమ్మా నీకు? పోనీ, నాకు ఒక్క ఫోనైనా చేశావా?"

అత్తవారింటి నుంచి వచ్చిన కూతురి మాటలకు ఆమె కుట్టుమిషన్ ముందే కూలబడిపోయింది. భర్త పోయి వారమైనా కాలేదు! పద్దెనిమిదేళ్లుగా ఆ వీధిలో గడప గడపా ఎక్కి, ఎవరికి తోచింది వాళ్లు వేస్తే, సాయం డబ్బా మోసిన మనిషి ఆమె. పిల్లా పెద్దా 'డబ్బా అత్తయ్యా' అనే పిలిచేవారు. ఆ డబ్బాకి ఒకటే కట్టుబాటు, అదీ ఆమె పెట్టిందే... నోరు తెరిచి అడిగినవాళ్లకే ఇవ్వాలి, అడగనివాళ్ల కష్టం ఊసెత్తకూడదు. సాయం పేరుతో ఎవరి పరువూ తీయకూడదని పాపం, ఆమె తాపత్రయం! తీరా భర్తకి గుండె ఆపరేషన్ అన్ననాడు, డబ్బా తన మంచం కిందే ఉన్నా, ఆమెకే నోరు పెగల్లేదు.

"మోసేదే మింగేసిందంటారని భయపడ్డానే తల్లీ! ఈ మిషన్ బేరం పెట్టాను... బేరం తెగేలోపే మీ నాన్న..."

గుమ్మంలో ఎదురింటి వదిన భోరుమంది. "ఎంత పని చేశారు వదినా! అన్నయ్యకి బాగాలేదని తెలిసి ఆ నెల అందరం రెట్టింపు వేశాం. మీరు అడుగుతారని రోజూ ఈ గుమ్మం వైపే చూశాం. అడగనివాళ్లని కదిలించకూడదని మీరేగా చెప్పారు... మా నోళ్లు పడిపోను, ఒక్కరమైనా పలకరించామా!"

ఆమె నిర్ఘాంతపోయింది. అవును... ఆ నెల డబ్బా ఎత్తలేక చంక మార్చుకుంది. ఈసారి ఎవరి ఇల్లు నిలబడుతుందో అని మురిసిపోయింది కూడా! ఆ ఇల్లు తనదేనని తెలియలేదు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని కుమిలిపోయారు.

మర్నాడు పొద్దున్నే డబ్బా కూతురు చంకనెత్తుకుంది.

"కట్టుబాటు మార్చేశానమ్మా! ఇకనుంచి ఎవరేం వేస్తారని కాదు, ఎవరికేం కావాలని ముందు మనమే అడుగుదాం. మొదటి గడప మనదే..." తల్లి ముందుకొచ్చి నిలబడింది. "చెప్పమ్మా, నీకేం కావాలి?"

ఆమె పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"కాసేపు నా పక్కన కూర్చోవే..."

కూతురు డబ్బా కింద పెట్టి, తల్లి పక్కన కూర్చుంది.