తలపుగోడలో గుమ్మం

పప్పుకి తాలింపు వేసి తలెత్తేసరికి, వంటింటి గోడలో దానంతటదే కొత్తగా తొలుచుకొస్తున్న గుమ్మం నిన్నటికంటే వేలెడు లోతు పెరిగి ఉండడం తారకేశ్వరి చూసింది.

విశాఖలోని ఆ పదిహేడో అంతస్తు ఇంట్లో అన్నీ తలపుగోడలే. మనుషుల అడుగులు, చూపులు, ఊపిరి గమనించి, వాళ్లకేం కావాలో కనిపెట్టి, వాటంతట అవే మారతాయి. ఆమెకు మోకాళ్ల నొప్పి మొదలైన వారానికే పొయ్యిగట్టు కిందికి దిగింది. ఆమె భర్త సన్యాసిరావు పుస్తకాలు పెరిగితే హాలు గోడలో గూడు తయారైంది. ఆరేళ్లుగా ఏదీ నోరు తెరిచి అడగనక్కర్లేక, ఆ భార్యాభర్తల మధ్య మాటలు కూడా తగ్గిపోయాయి.

కానీ ఈ గుమ్మం తను కోరుకోలేదు. గోడ అవతల ఉన్నది పైడితల్లి. ముప్పై ఐదేళ్ల పాటల టీచరు, ఒంటరి మనిషి. ఆ వాటాలోకి వచ్చి రెండు నెలలే అయింది.

గోడల మేస్త్రీని పిలిపించింది. అతను గుమ్మం అంచు తడిమి చూశాడు.

"ఇది ఒకల వల్ల అయ్యేది కాదమ్మా. ఇటేపు మనసూ అటేపు మనసూ లాగితేనే ఎదుగుతాది."

"ఇటువైపు ఎవరి మనసు?"

"గోడకి పేర్లు తెలీవమ్మా," అని సంచీ సర్దుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె భర్త మీద కన్నేసింది. నీళ్లకని వంటింట్లోకి వస్తే గ్లాసెడు తాగడానికి అంతసేపెందుకు? తను తలుపు సందులోంచి చూస్తుండగా, లిఫ్టు దగ్గర పైడితల్లికి దారి ఇచ్చి తల ఎందుకు దించుకున్నాడు? నాలుగో రోజున ఇక ఆగలేకపోయింది.

"ఆ గుమ్మం ఎవరి కోసమండీ?"

"నీకేదో కావాలనుకుంటోందేమో గోడ. నన్నడుగుతావేం?"

"నాకు పక్కింట్లో పనేముంది? మీకే ఉండాలి."

సన్యాసిరావు రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకుని గాజువాకలో అక్కగారింటికి వెళ్లిపోయాడు.

మనిషి లేడు కనుక గుమ్మం ఆగిపోతుందనుకుంది తారకేశ్వరి. ఆగలేదు. మర్నాటికి రెండు వేళ్లు పెరిగింది, ఆ మర్నాటికి జానెడు. ఇంట్లో ఉన్నది తనొక్కతే.

ఉదయం పదకొండు గంటలకు గోడ అవతల కూనిరాగం మొదలైంది. తన కాళ్లు వాటంతట అవే గోడ వైపు నడవడం, తన చెంప చల్లటి గోడకి ఆనడం ఆమె మొదటిసారి గమనించుకుంది. రెండు నెలలుగా రోజూ ఇదే పని. ఇల్లు కనిపెట్టింది గానీ తనకే తెలియలేదు.

ఆ క్షణంలో గుమ్మంలో మిగిలిన చివరి పొర జారిపోయింది. ఎదురుగా పైడితల్లి, చేతిలో కూరగాయల చాకుతో, బిక్కచచ్చిపోయి నిలబడి ఉంది.

"మీరాండీ వినేది! గోడవతల ఎవలో ఆగి వింటన్నట్టు ఉండేది. అందుకే ఇక్కడే నిలబడి పాడేదాన్ని. ఈ గుమ్మం చూసి, మీ ఆయనే కాబోలని హడలిపోయానండీ. ఇల్లు మారిపోదామనుకున్నాను."

తారకేశ్వరి హాల్లోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది. "గుమ్మం నాదేనండీ. పాట కోసం."

అతనన్నాడు: "ఇంట్లో నేనుండగా, నువ్వు గోడకి చెవి పెట్టాల్సి వచ్చిందా?"

దానికి జవాబు ఎదురుగా కూర్చునే చెప్పాలనుకుంది. మోకాళ్ల నొప్పితో ఎనిమిది నెలలుగా ఇల్లు కదలని మనిషి, చెప్పులు వెతుక్కుని గడప దాటింది. బస్సెక్కి గాజువాక వెళ్లింది.

అక్కగారిది పాత ఇటుకల ఇల్లు. ఎవరి మనసులో ఏముందో ఆ గోడలకు తెలియదు. వరండాలో కూర్చున్న సన్యాసిరావు లేవలేదు.

"చెప్పు," అన్నాడు.

ఆమె మెట్టు మీద కూర్చుంది.

"మీరు పక్కనే ఉన్నా నాకు ఒంటరిగా ఉంటోందండీ," అంది.

అతను కుర్చీలోంచి లేచి వచ్చి, అదే మెట్టు మీద, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నాక్కూడా," అన్నాడు.