రాఖడ్ గుట్ట మీద నడక

హిందీ రాష్ట్రంలో, ఫ్యాక్టరీల ఊరు సిల్తారా దాటాక ఒక ఫ్యాక్టరీ వెనక రాఖడ్ గుట్ట ఉంది. రాఖడ్ అంటే కొలిమి బూడిద. పొద్దుగూకాక దానిమీదికి ఎవరూ వెళ్లరు. ఎక్కితే వెనకాల ఎవరో కాళ్లీడ్చుకుంటూ వస్తారట... తిరిగి చూస్తే ఎవరూ ఉండరట.

ఆ వచ్చేది రామయ్యేనని అక్కడి తెలుగు కూలీలంతా చెబుతారు. పోయిన వానాకాలం, నైట్ డ్యూటీలో దుమ్ము లేవకుండా గుట్టకి నీళ్లు కొట్టడానికి ఎక్కినవాడు దిగలేదు. పైన ఒకపూట తవ్వారు. దొరకలేదు. ఊరికి పారిపోయాడని తేల్చేసింది కంపెనీ. ఎంత హాయి! దెయ్యమైతే కేసు లేదు, పారిపోతే శవం లేదు.

అతని భార్య పైడమ్మ యుగంధర్‌ని అడిగింది ఒక్కటే.

"ఈ బొట్టు ఉంచమంటావా, తీసీమంటావా? అదొక్కటి తేల్చు బాబూ."

యుగంధర్ ఆ కూలీల బస్తీ కుర్రాడే, లా చదువుతున్నాడు. దెయ్యాలంటే మండిపడతాడు — భయం దొరల ఆయుధం, మౌనం నేరంలో సగం, అని ఎవరెవరి మాటలో అప్పజెబుతాడు. గుట్ట కంపెనీ స్థలం హద్దు దాటిందని కోర్టులో చూపిస్తే మొత్తం తవ్వించొచ్చని అతని పట్టుదల. ట్రెకింగులకి తిరిగే స్నేహితుడు శామ్సన్ దగ్గర జీపీఎస్ వాచీ అడిగి, గుట్ట చుట్టూ ఒకసారి నడిచాడు. అదేమో బ్యాటరీ మిగిల్చే మోడ్‌లో ఉంది. ఎక్కడో ఒక చుక్క, ఎక్కడో ఒక చుక్క పెట్టి, రెంటినీ తిన్నగా కలిపేసింది. మ్యాపులో ఆ గీత గుట్ట పక్క చెరువు మధ్యలోంచి పోయింది.

"నీళ్లమీద నడిచావా బేటా?" అని అది చూసి పగలబడి నవ్వాడు ఫ్యాక్టరీ మేనేజరు.

ఇక రెండోసారి తప్పలేదు. పగలైతే గార్డులు తరిమేస్తారు. చీకటి పడ్డాక ఇద్దరూ వెళ్లారు.

"నీ ఇంక్విలాబ్ తర్వాత, భాయ్. ముందు చెయ్యి ఇటియ్యి," అని శామ్సన్ సెట్టింగులు మార్చాడు. సెకనుకో చుక్క. అన్ని శాటిలైట్లూ ఆన్. గుట్ట కిందే ఎత్తు సరిచేశాడు. ఆటో పాజ్ కూడా పెట్టాడు. "ఆగితే గీత ఆగుద్ది, కదిలితే మళ్లీ మొదలవుద్ది. ఇప్పుడు నవ్వమను వాణ్ణి."

పైకెక్కారు. చుట్టూ షెడ్డు లేదు, చెట్టు లేదు, ఆకాశమొక్కటే. ఊపిరి తీసుకోడానికి నిలబడ్డారు. వాచీ ఒకసారి వణికి గీత ఆపేసింది.

అప్పుడు... వెనకాల... ఎవరో కాలీడ్చినట్టు.

"విన్నావా?" అన్నాడు శామ్సన్ గుసగుసగా.

"గాలిరా."

గాలి లేదు.

వాచీ మళ్లీ వణికింది — నడక మొదలైందని.

"కదలకురా!"

"నేనెక్కడ కదిలాను యార్? నీ చేతికే కదా ఉంది... యేసయ్యా!"

ఇద్దరూ కొయ్యబారి నిలబడ్డారు. వాచీ అద్దం మీద ఎత్తు అంకె తగ్గింది. మళ్లీ తగ్గింది. యుగంధర్ టార్చి కిందికి తిప్పాడు. పాదాలు పెట్టినచోటే ఉన్నాయి. వాటికింద బూడిద మొత్తం, మెల్లగా, వాళ్లని మోసుకుంటూ... దిగుతోంది.

ఎలా పరిగెత్తారో వాళ్లకే తెలీదు.

శామ్సన్ గదిలో ఫోన్ తెరిచి గీత చూశారు. వాళ్లు నిలబడ్డచోటి నుంచి అది తిన్నగా ఫ్యాక్టరీ దక్షిణపు ప్రహరీ గోడవైపు సాగింది. సెట్టింగులమీద నెట్టడానికి ఈసారి వీల్లేదు. నడిచింది గుట్టే. గుట్ట నడిస్తే లోపలున్నదీ నడుస్తుంది. రామయ్య కోసం కంపెనీవాళ్లు పైన తవ్వారు... అతను అప్పటికే బూడిదతోపాటు కిందికి బయల్దేరాడు.

దక్షిణపు గోడకి ఆనుకునే పైడమ్మ ఇల్లు.

తెల్లారగానే యుగంధర్ అక్కడున్నాడు.

"ఇల్లు ఖాళీ చెయ్యాలి పిన్నీ... ఆ గోడ వెనక..."

పైడమ్మ అతని మొహం చూసింది. గోడవైపు చూసింది. ఉబ్బి, నెర్రెలిచ్చి ఉంది. దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించింది. ఎంతసేపటికీ తియ్యలేదు.

"ఎచ్చగానే ఉన్నాడు బాబూ," అంది. "బొట్టు తియ్యను."